పెట్టెలు పీకేసిన గోడ

వైరింగు మేస్త్రి చెల్లెలి మొగుడికి చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. "బావా, ఇది కదలని ఇల్లు కాదు, కారు వెనక ఊగుతూ వచ్చే ఇంటిబండి. కుదుపులకి వైర్లు ఊడతాయి. నిప్పురవ్వ లేచినా చెక్కకి అంటకుండా ప్రతి ప్లగ్గు వెనకా ఇనప పెట్టె ఉండాల్సిందే."

చోటు దండగని బావ ఆ పెట్టెలు పీకేసి, ప్లగ్గులను చెక్కగోడకే బిగించేశాడు.

ముగ్గురూ వెళ్లిన మొదటి విహారంలో, బండి ఆపి చెల్లెలు లోపల కరెంటు కెటిల్ ప్లగ్గులో పెట్టగానే నిప్పురవ్వలు లేచి గోడ భగ్గుమంది. తలుపు బిగుసుకుపోయింది. మేస్త్రి సుత్తితో దాన్ని బద్దలుకొట్టి, జుట్టు కాలుతున్న చెల్లెల్ని బయటికి లాగాడు. మంటలు ఆర్పి, బావ కాలరు పట్టుకుని ముక్కు పగిలేలా గుద్దాడు. మళ్లీ చెయ్యెత్తాడు.

"ఆగన్నయ్యా! కాలింది నాకు. కొట్టాల్సింది నేను," అంటూ చెల్లెలు బొబ్బలెక్కిన చేత్తోనే మొగుడి చెంప ఛెళ్లుమనిపించింది.

అతను నెత్తురు తుడుచుకున్నాడు గానీ తలెత్తలేదు.