మా తమ్ముడి ఆవిరి పంపు

మా తమ్ముడు లుబోమీర్‌కి రైలింజన్ల షెడ్డులో ముప్పై ఎనిమిదేళ్ళ సర్వీసు, ఒక విడాకుల కాగితం, రెండు మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి. అవి చాలవన్నట్టు రిటైరైన ఏడాదే ఒక ఆవిరి పంపుని నెత్తికెత్తుకున్నాడు. మా ముత్తాతల కాలంలో మంటలార్పిన పంపు అది. నిలువు బాయిలరు, కింద బొగ్గుపొయ్యి, రెండు చక్రాలు; ఇద్దరు మనుషులు లాక్కుపోవచ్చు. పాత బీరు ఫ్యాక్టరీ కొట్టంలో దాని మీద కోళ్ళు పడుకునేవి.

తొమ్మిదేళ్ళండీ! బాయిలరు గొట్టాలు మార్చడానికి నాలుగేళ్ళు, ఇత్తడి కవాటాలు తనే లేతు మిషను మీద చేసుకోవడానికి మూడేళ్ళు, బాయిలరు ఇన్‌స్పెక్టరు చుట్టూ తిరగడానికి రెండేళ్ళు. భోజనానికి పిలిస్తే "వస్తున్నానక్కా" అనేవాడు. వెల్లుల్లి సూపు చల్లారి నీళ్ళయిపోయేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

"ఆ డొక్కుదాన్ని పెళ్ళి చేసుకోరా, పీడా పోతుంది" అనేదాన్ని.

"నేను రెడీయే, అదే ఒప్పుకోవట్లేదు" అనేవాడు.

మా ఊళ్ళో మంటలార్పే దళంలో జీతగాళ్ళెవరూ లేరు, అందరం ఊరివాళ్ళమే, నాతో సహా. ఈ సెప్టెంబరులో దళానికి నూట నలభై ఏళ్ళ ఉత్సవం వచ్చింది. మేయరు హినెక్ సరిగ్గా అప్పుడే మెలిక పెట్టాడు. పంపు ఊరి ఉమ్మడి సొత్తు, దాన్ని జిల్లా మ్యూజియం వాళ్ళు అడుగుతున్నారు.

"ఉత్సవం రోజు నాలుగింటిలోపు, దాని సొంత ఆవిరితో చెరువు నీళ్ళు మన గడియారం బురుజు దాటించు. దాటితే పంపు ఇక్కడే ఉంటుంది. లేదంటే మంగళవారం లారీ వస్తుంది" అన్నాడు.

"దాటిస్తా" అన్నాడు మావాడు.

ఇక నా నిర్వాకం వినండి. నీళ్ళు పీల్చే గొట్టం మూతికి సన్న కొమ్మలతో అల్లిన బుట్ట తొడగాలి, నాచూ చేపపిల్లలూ లోపలికి పోకుండా. లుబోమీర్ దాన్ని ఏరికోరి అల్లించి, బట్టలుతికే గదిలో మేకుకి తగిలించాడు. ఉత్సవానికి మూడ్రోజుల ముందు వాన పడి తెరిపిచ్చింది. సెప్టెంబరులో వాన వెలిస్తే పుట్టగొడుగులకి పరిగెత్తని వాళ్ళు మా దేశంలో ఉంటారా? చేతికందిన బుట్ట పట్టుకుని నేనూ అడవిలో పడ్డాను. బుట్ట నిండింది. సాయంత్రం వచ్చిన మా పిన్నికి, బుట్టతో సహా ఇచ్చి ఓలొమోత్స్ రైలెక్కించాను.

ఉత్సవం రోజు బాయిలర్లో ఆవిరి ఒత్తిడి ముల్లు ఏడుకి చేరింది, ఇక పంపు తిప్పడమే. చెరువు గట్టున ఊరంతా ఉంది, బ్యాండు మోగుతోంది.

"అక్కా, గొట్టం బుట్టేదీ?"

అప్పుడు వెలిగింది నాకు.

"ఓలొమోత్స్‌లో ఉందిరా."

"ఏంటీ?"

"పిన్ని దగ్గర. పుట్టగొడుగులు వేసిచ్చాను."

నెత్తి కొట్టుకున్నాడు. "ముట్టుకోక ముట్టుకోక దాన్నే ముట్టుకున్నావా తల్లీ!"

చేసేదేముంది, గొట్టం మూతికి గోనెసంచి చుట్టి తీగతో బిగించాడు. పంపు తిరగడం మొదలుపెట్టింది గానీ, ఆ లాగుడికి సంచి మూతికి అతుక్కుపోయింది. చుక్క నీరు రాలేదు. మావాడు బురదలో మోకాళ్ళ మీద కూలబడి, చేతులు మోచేతుల దాకా నీళ్ళలో పెట్టి తీగ విప్పుతున్నాడు.

"లుబోమీర్, దానికి కాస్త బీరు పట్టించి చూడు!" అని ఎవడో అరిచాడు. అందరూ పగలబడి నవ్వారు.

నాకు ప్రాణం చచ్చిపోయింది. గట్టు మీది పొద అవతల, అవసరానికని తెచ్చిన పెట్రోలు పంపుతో మా దళం కుర్రాడు రాదిమ్ నిలబడి ఉన్నాడు. వాడి దగ్గరికి ఉరికాను.

"బురుజు వైపు పెట్టిన చిమ్మే మూతికి లుబోమీర్ గొట్టం ఊడదీసి నీ గొట్టం తగిలించు. బ్యాండు మోతలో ఎవరికీ వినపడదు."

"లుబోమీర్ ఊరుకుంటాడా?"

"వాడికెవడు చెప్తాడు? కానివ్వు!"

నీళ్ళు రివ్వున లేచి బురుజు దాటి అవతల పడ్డాయి. చప్పట్లు, ఈలలు. "పంపు మనదే!" అని మేయరే ముందు కేకేశాడు.

లుబోమీర్ సంచి చేత్తో పట్టుకుని లేచాడు. తన పంపు నుంచి వెళ్ళే గొట్టం నేల మీద చప్పగా పడి ఉంది. దాన్ని చూశాడు, పొద వంక చూశాడు, నన్ను చూశాడు. పొయ్యి తలుపు తీసి నిప్పులన్నీ కింద గడ్డిలోకి లాగేశాడు. ఆవిరి కవాటం తిప్పేశాడు. బుస్సుమని తెల్లటి ఆవిరంతా పైకి పోయింది. చక్రం మెల్లగా తిరిగి తిరిగి ఆగింది. నీళ్ళు మాత్రం బురుజు దాటుతూనే ఉన్నాయి.

బ్యాండువాళ్ళు ఒక్కొక్కళ్ళే ఆపేశారు. పొద వెనక పెట్రోలు పంపు టకటక అందరికీ వినపడింది.

"నీ పంపు బాగా పనిచేస్తోందక్కా" అన్నాడు.

మేయరు తల దించుకుని వెళ్ళిపోయాడు. నాకు ఏడుపాగలేదు.

"నీకోసమే కదరా చేశాను! వాళ్ళు నవ్వుతుంటే చూడలేకపోయాను!"

"సంచి ఊడొచ్చేసింది. కవాటాల్లో నాచు కూడా చేరలేదు. వదులుగా కడితే ఇంకో ఐదు నిమిషాల్లో పీల్చేది."

బురుజు మీద టైము మూడుంపావు. మళ్ళీ పొయ్యి రాజేసి ఆవిరి ఎక్కించాలంటే గంటంపావు పడుతుంది, నాలుగు దాటిపోతుంది. వాడు నిప్పులు లాగేసినప్పుడు ఆ సంగతి వాడికి తెలుసు.

మంగళవారం లారీ వచ్చింది. తాళ్ళన్నీ వాడే కట్టాడు. ఒక కొస పట్టుకుందామని వెళితే, "నువ్వు ముట్టుకోకు" అన్నాడు.