అత్తమ్మ నిద్రపోతున్న ఫొటో

పెళ్లయి ఎర్రగుంట్లకు వచ్చిన కొత్తలో, 2009లో జరిగిందిది. మామగారికి నాపబండల పాలిష్ యూనిట్ ఉండేది. బేరాలు తగ్గి రెండు మిషన్లు ఆపేశారు. కంప్యూటర్ కోర్సు చేసిన కోడలిని కదా, నేనే వెబ్‌సైట్ తయారుచేసి బండల రకాలన్నీ పెట్టాను. మా ఇంటి నేలా ఆ బండలదేనని చూపించడానికి, ఒక మండువేసవి మధ్యాహ్నం వంటింటి ఫొటో తీశాను. అందులో అత్తమ్మ చల్లటి బండమీద తలకింద చెయ్యి పెట్టుకుని నిద్రపోతోంది. ఆమెను అడగకుండానే సైట్‌లో పెట్టేశాను.

నెల తర్వాత, సైట్‌కు వచ్చినవాళ్లు ఏ పేజీ ఎంతసేపు చూశారో చెప్పే అనలిటిక్స్ తెరిచి చూశాను. బండల పేజీల్లో జనం నాలుగు క్షణాలు కూడా ఆగడం లేదు. వంటింటి ఫొటో దగ్గర మాత్రం రెండు నిమిషాలు ఉంటున్నారు. వెంటనే దాన్ని మొదటి పేజీలోకి తెచ్చాను. ఫోన్లు మొదలయ్యాయి.

ఒకరోజు బెంగళూరులో ఇల్లు కట్టుకుంటున్న ఒకాయన వచ్చాడు. మజ్జిగ తెచ్చిన అత్తమ్మను చూసి, “ఈ అమ్మ పడుకున్న బండే కావాలండీ” అన్నాడు.

 ఆమెకు సైట్ చూపించక తప్పలేదు.

“నేను నిద్రపోయేది లోకమంతా చూస్తాండారా? ఎంతసేపు చూస్తాండారు?”

“ఒక్కొక్కరు రెండు నిమిషాలు అత్తా.”

ఆమె పక్కనే మజ్జిగ తాగుతున్న మామగారి వైపు తిరిగింది. “నేను కాపురానికొచ్చి ముప్పై ఏండ్లాయ. ఈయప్ప ఒక్కనాడన్నా అంతసేపు చూసినాడా?”

ఆ ఫొటో తీసేస్తానన్నాను.

“ఉండనీలే. చూసేవాళ్లను చూడనీ” అంది.

మిషన్లు మళ్లీ తిరిగాయి గానీ, నాకు గుర్తుండిపోయింది అది కాదు. ఆ పూట మామగారు తల ఎత్తకుండా మజ్జిగ గ్లాసులోకే చూస్తూ కూర్చోవడం.