ఒంటరి ముక్క

కోకాపేట ఆఫీసులో మా టీమును నడిపిన అక్క, ప్రతి పనికీ పేకముక్కల్లాంటి అంకెల ముక్కలతో అంచనా వేయించేది. పని ఎంత కష్టమనిపిస్తే అంత పెద్ద అంకెను అందరం ఒకేసారి చూపాలి. ఒకరోజు అందరివీ మూడు, నాది పదమూడు. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. తెలివి బయటపడకముందే ముక్క దాచబోయాను.

“ఆగు తమ్మీ. ఒంటరి ముక్కనే ముందు మాట్లాడాలె,” అంది అక్క, ఎప్పటిలాగే.

“పాత కస్టమర్ల వివరాలు కూడా కొత్త సిస్టంలోకి మార్చాలి కదక్కా?” అని నసిగాను.

“అవి ఎప్పుడో మార్చినం,” అని సీనియర్ నవ్వాడు.

అక్క నవ్వలేదు. “తమ్మునికి తెల్వదంటే మనం చెప్పలేదన్నట్టు. ఇంకా ఏమేం చెప్పలేదో జర చెప్పుండ్రి.”

ఆరోజు నా అంకె మూడుకు దిగింది, గొంతు మాత్రం లేచింది. ఉద్యోగమూ ఖాయమైంది. ఇప్పుడు మీటింగుల్లో నన్ను ఆపలేక టీమంతా పరేషాన్. ఆ పుణ్యం అక్కదే.