ముందు కాగితం, తర్వాత మంచినీళ్లు

1983 మార్చిలో న్యూజెర్సీలో, పార్సిప్పనీ దగ్గరి ఒక ఆసుపత్రిలో ఇ.సి.జి. టెక్నీషియన్‌గా చేరాను. రోగికి పది తీగలు తగిలించి, గుండె గీతల కాగితం తీసి, కార్డియాలజిస్టు బల్ల మీద పెట్టడం నా పని. గీతలు చూసి నాకేం అర్థమైనా నోరు విప్పకూడదు. జబ్బు పేరు చెప్పే అధికారం డాక్టరుది. నోరు విప్పకపోవడం నాకు పుట్టుకతో రాలేదు, జీతం కోసం నేర్చుకున్నాను.

మూడో నెలలో ఒక మధ్యాహ్నం సుభాషిణి గారు వచ్చారు. దగ్గర్లోని మందుల కంపెనీ ల్యాబ్‌లో ఆవిడ ఉద్యోగం. ఉన్నట్టుండి గుండె దడదడా పరుగెత్తడం, కాసేపటికి దానంతటదే సర్దుకోవడం ఆవిడ బాధ. అప్పటికి మూడుసార్లు ఎమర్జెన్సీకి వస్తే మూడుసార్లూ ఇ.సి.జి. నార్మల్. టెన్షన్ అని తేల్చి మాత్రలు రాశారు. ఆ మాత్రల మగతకి కారు నడపలేకపోతున్నారు. అక్కడ కారు లేనిదే ఉద్యోగం లేదు.

ఆ రోజు మాత్రం దడ ఇంకా ఉంది. మణికట్టు పట్టుకుంటే నాడి లెక్కకందలేదు. చెప్పుకోకూడదు గానీ, ఈసారి దడ కాగితం మీద దొరుకుతుందని నాకు లోపల పండగలా ఉంది. అయితే ఎదురుగా ఆయాసపడుతున్న మనిషి, పైగా మన మనిషి. అలవాటు కొద్దీ ముందు గ్లాసుడు మంచినీళ్లు చేతికిచ్చాను. ఆవిడ తల పైకెత్తి, గ్లాసు పెదవికి తగలకుండా, ఊపిరి బిగబట్టి గటగటా తాగేశారు. నేను తీగలు తగిలించేసరికి గుండె నిమిషానికి డెబ్బై ఎనిమిది, బుద్ధిగా కొట్టుకుంటోంది.

"ఇప్పుడే తగ్గిందండీ. నీళ్లు తాగితే ఒక్కోసారి తగ్గిపోతుంది. ఇంక నన్నెవరు నమ్ముతారు?" అన్నారావిడ.

తల బాదుకోవాలనిపించింది. అంతలోనే అనుమానం వచ్చి, ఎమర్జెన్సీకి వచ్చేటప్పుడు కూడా నీళ్లు తాగేవారా అని అడిగాను.

"ఆయన డ్రైవ్ చేస్తూనే ఫ్లాస్క్ అందిస్తారుగా."

వెళ్లి కార్డియాలజిస్టుకు చెప్పాను. ఆయన నవ్వలేదు. ఊపిరి బిగబట్టి మింగితే గుండె వేగాన్ని తగ్గించే నరం పనిచేస్తుందని, కొన్ని రకాల దడ దాంతో తెగిపోతుందని వివరించారు. ఈసారి దడ రాగానే ఏమీ తాగకుండా రమ్మనమన్నారు. తను వచ్చేదాకా చుక్క కూడా ఇవ్వొద్దని నాకు గట్టిగా చెప్పారు.

తొమ్మిదో రోజు పొద్దున పదకొండింటికి భర్త ఆవిడను చక్రాల కుర్చీలో తోసుకొచ్చారు. గబగబా తగిలించినా తీగలు వరసలోనే పడ్డాయి. మీట నొక్కగానే కాగితం మీద గీతలు దువ్వెన పళ్లలా ఒత్తుగా వచ్చాయి. రెండు గీతల మధ్య ఒకటిన్నర పెద్ద గడులు. నిమిషానికి గుండె వేగం తెలియాలంటే మూడు వందల్ని దాంతో భాగించాలి. రెండు వందలు. నాకు కేక పెట్టాలనిపించింది.

"నీళ్లివ్వండి," అన్నారావిడ.

"ఒక్క నిమిషం. డాక్టర్ వస్తున్నారు," అన్నాను, నింపిన గ్లాసు పట్టుకుని.

"గ్లాసు చేతిలో పెట్టుకుని ఇవ్వరేంటండీ? మీరేం మనిషండీ!"

డాక్టరు వచ్చారు. బీపీ చూసి, కాగితం చూసి, మెషిన్ ఆపకుండా నీళ్లివ్వమన్నారు. నాలుగు గుటకలు పడ్డాయి. సూది ఒక్కసారి ఎగిరింది, క్షణం పాటు గీత చదునుగా సాగింది, ఆ తర్వాత ఎనభై. దడ పట్టుబడింది, అది తెగిన చోటు కూడా పట్టుబడింది. ఈసారి నిజంగానే కేక పెట్టాను. డాక్టరు కాగితం చింపి చేతిలోకి తీసుకున్నారు.

"అయితే ఇది నిజంగా గుండెదేనా సుభా?" అన్నారు భర్త.

"నాలుగేళ్ల నుంచి అదే చెప్తున్నా," అన్నారావిడ, ఖాళీ గ్లాసు ఆయన చేతికిస్తూ.

డాక్టరు టెన్షన్ మాత్రలు మాన్పించి, గుండె లయకు మందు రాశారు. రెండు నెలలకు ఆవిడ తన కారు తనే నడుపుకుంటూ చెకప్‌కి వచ్చారు.

నేను ముందుగా నీళ్లివ్వడం తప్పే. కానీ ఇవ్వకపోతే అసలు సంగతి బయటపడేది కాదు. ఆ తప్పు ఏ రిపోర్టులోనూ లేదు. రోగిని ఏం బాధ అని అడగాలని శిక్షణలో నేర్పారు. అది వచ్చినప్పుడు మీరేం చేస్తారని అడగడం సుభాషిణి గారి దగ్గర నేర్చుకున్నాను. రిటైరయ్యేదాకా ఆ ప్రశ్న అడగకుండా ఎవరికీ తీగలు తగిలించలేదు.