పెడల్ పట్టీలో పట్టని పాదం

ఆ ఆదివారం పొద్దున్న నా కుడిపాదం పెడల్ పట్టీలోకి సరిగ్గా వెళ్ళలేదు. రేసు సైకిళ్ళకి పాదం జారకుండా పెడల్ మీద ఒక తోలు పట్టీ ఉంటుంది. ఎప్పుడూ ఒకేచోట బిగించడం వల్ల నా పట్టీ మీద బకిల్ గీత పడిపోయింది. ఆ రోజు బకిల్ ఆ గీత దాకా రానేలేదు. వారం రోజులుగా వానలు కదా, తోలు తడిసి కుంచించుకుపోయిందనుకున్నాను. ఎడమ పట్టీ కూడా అదే వానలో తడిసింది, అది మామూలుగానే బిగిసింది. ఆ సంగతి అప్పుడు నా బుర్రకి తట్టలేదు.

మాది రావులపాలెం, అరటి గెలల వ్యాపారం. నేను చెప్పేది తొంభైల చివరి మాట. వారమంతా మార్కెట్‌కి, ఆదివారం సైకిలుకి. విశాఖపట్నంలో ఒకాయన అమ్మేస్తుంటే కొనుక్కున్న గేర్ల సైకిలు అది, హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంటుంది. మా ఆవిడ సుగుణ దాన్ని నా చిన్నిల్లు అనేది. నాకు తోడు చిన్ననాటి స్నేహితుడు సత్తిబాబు, హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. మా వైపు నేలంతా చాప పరిచినట్టు ఉంటుంది, మాకు కొండంటే గౌతమి వంతెన ఎత్తే. అందుకే ఏటా కార్తీకమాసంలో అన్నవరం దాకా తొక్కి, ఘాట్ రోడ్డు చిన్న గేరులో కాలు కింద పెట్టకుండా ఎక్కేవాళ్ళం. అది దేవుడికి మొక్కో సైకిలుకి మొక్కో మాకే తెలియదు.

ఆ రోజు పట్టీ వదులు చేసుకునే బయల్దేరాను. తిరిగొస్తుంటే కాలవగట్టు మీద చలి పట్టుకుంది. ఎండలో వణుకుతూ ఇంటికి చేరాను. కుడి గజ్జలో బిళ్ళ కట్టింది. మా వైపు గజ్జలో బిళ్ళ కట్టిందంటే ఎవరూ కంగారుపడరు. కాలికి ఎక్కడో దెబ్బ తగిలిందన్నమాట, దెబ్బ మానితే బిళ్ళ కరుగుతుంది అంటారు. తడి బూట్లతో తొక్కి తొక్కి నా వేళ్ళ సందులు తెల్లగా నాని పగిలి ఉన్నాయి. దెబ్బ కనపడింది, ఇక డాక్టరెందుకు? అమ్మ ఉప్పు కాపడం పెట్టింది, పసుపు అద్దింది.

రెండు రోజుల్లో కాలు మోకాలి దాకా ఎర్రగా వాచింది. ఊళ్ళో డాక్టరు గారు సెల్యులైటిస్, చర్మం కింద ఇన్‌ఫెక్షన్ అన్నారు. ఇంజెక్షన్లు రాసి, కాలు కదపకుండా కంప్లీట్ రెస్ట్ తీసుకోమన్నారు. జ్వరం తగ్గింది గానీ వాపు సగమే తగ్గింది. నెల తిరక్కుండా మళ్ళీ చలి, మళ్ళీ జ్వరం, మళ్ళీ బిళ్ళ. వచ్చినప్పుడల్లా కాలు ఇంకాస్త లావెక్కి వదిలేది. రాజమండ్రి తీసుకెళ్తే డాప్లర్ స్కాన్ తీసి, రక్తనాళాలు బాగానే ఉన్నాయన్నారు. ఫైలేరియా అనుమానంతో నైట్ బ్లడ్ టెస్ట్ రాశారు. ఫైలేరియా పురుగులు రాత్రిపూటే రక్తంలోకి వస్తాయట. రిపోర్టు నెగెటివ్ వచ్చింది. అమ్మ గుళ్ళో కొబ్బరికాయ కొట్టింది. బోదకాలు అనే మాట మా ఇంట్లో అప్పటిదాకా ఎవరూ పైకి అనలేదు, "ఆ జబ్బు" అనేవాళ్ళం. ఆ జబ్బు కాదని తేలిందని అందరం సంబరపడ్డాం.

ఇక నా జైలు మొదలైంది. వీధి గదిలో కిటికీ పక్కన కుర్చీ వేశారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాళ్ళు కిందికి వేలాడేసి అందులోనే కూర్చునేవాణ్ణి. వంకాయ వద్దు, గోంగూర వద్దు, చేప అసలే వద్దు. అన్నిటికన్నా పెద్ద పథ్యం నీళ్ళు. నీరు పట్టిన కాలికి నీరు తగిలితే మరింత పెరుగుతుందని అమ్మ నమ్మకం, మా వీధిలో అందరి నమ్మకం కూడా. స్నానానికి వెళ్తే మోకాలి దాకా పాలిథిన్ కవరు కట్టేది. కవరు విప్పితే వచ్చే వాసనకి నాకే తల తిరిగేది. వ్యాపారం మా తమ్ముడు చూసుకున్నాడు. పలకరించడానికి వచ్చినవాళ్ళు నా మొహం చూసి మాట్లాడేవారు, చూపు మాత్రం కిందికి జారేది. నేను లుంగీ కిందికి లాక్కునేవాణ్ణి. కొన్నాళ్ళకి ఎవరైనా గేటు తీసిన చప్పుడైతే చాలు, నిద్రపోతున్నట్టు నటించడం నేర్చుకున్నాను.

సైకిలు కూడా ఆ గదిలోనే, గోడకి ఆనించి ఉండేది. టైర్లలో గాలి దిగిపోయి, చెయిన్‌కి తుప్పు పట్టింది. సత్తిబాబు ఒకసారి పంపు తెస్తే, ఎవరు తొక్కుతారని కొడతావురా గాలి అని కసురుకున్నాను. వాడు పంపు పట్టుకుని వెళ్ళిపోయాడు.

కార్తీకంలో వాడు అన్నవరం ప్రసాదం పట్టుకొచ్చాడు. ఘాట్ రోడ్డు ఎలా ఉందని అడిగాను, అడగలేక అడగలేక.

"ఏమోరా. బస్సులో వెళ్ళొచ్చాను."

ఆకులో ప్రసాదం నోట్లో పెట్టుకున్నాను. ఆ రోజు మాత్రం దాచుకోలేక ఏడ్చేశాను. చచ్చిపోతానన్న భయం కాదు నాది. ఇలాగే, ఈ కుర్చీలోనే, ఈ లుంగీ కిందే బతికేస్తానన్న భయం.

సుగుణ అదంతా గుమ్మంలోంచి చూసింది. మర్నాడే పట్టుబట్టి రాజమండ్రిలో ఒక స్కిన్ డాక్టరమ్మ గారి దగ్గరికి బయల్దేరదీసింది. అమ్మ కూడా వచ్చింది. డాక్టరమ్మ గారు వాపు చూడలేదు, ముందు వేళ్ళ సందులు విడదీసి చూశారు.

"ఈ కాలికి నీళ్ళు తగిలి ఎన్నాళ్ళయిందండి?"

"చుక్క తగలనివ్వలేదండి," అంది అమ్మ, కాస్త గర్వంగానే.

"అదేనమ్మా వచ్చిన చిక్కు," అన్నారావిడ.

తర్వాత నిదానంగా చెప్పారు. ఇది ఫైలేరియా వల్ల వచ్చిన లింఫెడీమా, అంటే మేం "ఆ జబ్బు" అంటున్నదే. కాలు వాచేసరికి చాలామందికి రక్తంలో పురుగు దొరకదు, కానీ అది పాడుచేసిన లింఫ్ నాళాలు, అంటే కాల్లోంచి నీరు పైకి లాగే గొట్టాలు, అలాగే ఉండిపోతాయి. మాటిమాటికీ వచ్చే జ్వరం పురుగుది కాదు, వేళ్ళ సందుల్లో పగుళ్ళలోంచి దూరే ఇన్‌ఫెక్షన్‌ది. జ్వరం వచ్చినప్పుడల్లా వాపు పెరుగుతుంది. పూర్తిగా తగ్గుతుందా అని అడిగాను.

"పూర్తిగా తగ్గదండి. అబద్ధం చెప్పను. పెరగకుండా చూసుకోవడం మాత్రం మీ చేతుల్లోనే ఉంది."

సైకిలు గురించి అడగడానికి నోరు రాలేదు, సుగుణే అడిగింది. వద్దంటారనుకున్నాను. కాలు కదిలితేనే అందులో నీరు కదులుతుంది, పగుళ్ళు మానాక బ్యాండేజ్ కట్టుకుని తేలిక గేరులో తొక్కమన్నారు. తడి బూట్లు, పాదాన్ని బిగించే పట్టీ మాత్రం వద్దన్నారు. చీటీలో పురుగుకి డీఈసీ మాత్రలు, ఒక ఆయింట్‌మెంటు, క్రేప్ బ్యాండేజ్, చివర్లో ఒంటి సబ్బు. గోదావరి దాటి ఇంతదూరం వచ్చింది సబ్బు రాయించుకోడానికా అని నాకు ఒళ్ళు మండింది. అది వాడితే ఒళ్ళు చల్లబడుతుంది లెండి అంది సుగుణ.

పూటపూటా సబ్బుతో కడగడం, వేళ్ళ సందులు తడి లేకుండా ఒత్తడం, మంచం కాళ్ళవైపు ఇటుకలు పెట్టి పాదాలు ఎత్తులో ఉంచి పడుకోవడం. మొదటిరోజు అమ్మ పెరట్లోకి రాలేదు. ఇన్నాళ్ళూ నా చేత్తోనే కొడుకు కాలు పాడుచేసుకున్నానా అని లోపల కూర్చుంది. నాలుగోరోజు తనే పాత నేతచీర ముక్క తెచ్చి, నా పాదం ఒళ్ళో పెట్టుకుని, వేలు వేలునా తుడిచింది.

మధ్యలో ఓసారి బ్యాండేజ్ మోకాలి కింద గట్టిగా బిగించేసి పాదం బూరెలా పొంగింది, మళ్ళీ జ్వరం వచ్చింది. వేళ్ళ దగ్గర బిగువుగా మొదలుపెట్టి, పైకి పోయేకొద్దీ వదులు చెయ్యాలని డాక్టరమ్మ గారు మళ్ళీ చూపించారు. ఆ తర్వాత జ్వరం రాలేదు. ఎండాకాలానికి వాపు చాలామటుకు దిగింది. సత్తిబాబు పిలవకుండానే పంపుతో వచ్చి గాలి కొట్టాడు.

అయినా నేను కదల్లేదు. లుంగీ కట్టుకుని తొక్కితే చెయిన్లో పడుతుంది. నిక్కరు వేసుకుంటే మార్కెట్టంతా చూస్తుంది. సైకిలు గుమ్మంలో పెట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో. సుగుణ లోపల్నుంచి నిక్కరు తెచ్చి చేతిలో పెట్టింది.

"చూస్తే చూస్తారండి. మీ కాలే కదా, దొంగసొత్తు కాదుగా."

మార్కెట్లోంచే వెళ్ళాను. గెలలు దించేవాళ్ళు ఆగి చూశారు, కాసేపటికి వాళ్ళ పనిలో వాళ్ళు పడ్డారు. గౌతమి వంతెన అన్నిటికన్నా చిన్న గేరులో ఎక్కాను. ఎదురుగాలికి కళ్ళనీళ్ళు వచ్చాయని సత్తిబాబుతో అన్నాను. వాడు నమ్మినట్టే తలూపాడు.

ఇప్పుడు కుడి పెడల్‌కి పట్టీ లేదు, విప్పేశాను. అన్నవరం ఘాట్ రోడ్డు సగం తొక్కుతాను, సగం నడిపించుకెళ్తాను. కాలు ఇప్పటికీ రెండో కాలికన్నా లావే. రోజూ కడగకపోతే ఊరుకోదు.

మొన్న ఆదివారం జొన్నాడలో టీ కోసం ఆగాం. కొట్టాయన నా బ్యాండేజ్ వంకే చూస్తూ గ్లాసు ఇచ్చి, గొంతు తగ్గించి అడిగాడు, ఆ కాలుతో ఎలా తొక్కుతున్నారండి అని. ఆయన లుంగీ చీలమండల దాకా ఉంది. ఆ కట్టు నాకు తెలుసు.

"ముందు రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడవండి," అన్నాను. ఈ వ్యాసం చదువుతున్నవాళ్ళకి నేను చెప్పేది కూడా ఇదొక్కటే.

"నీళ్ళు తగలకూడదంటారు కదండీ," అన్నాడాయన.

బల్ల మీద కూర్చుని బ్యాండేజ్ విప్పాను. చెంబుతో నీళ్ళు, సబ్బు అడిగాను. టీ తాగడానికి వచ్చినవాళ్ళందరూ చూస్తుండగా ఎలా కడగాలో, ఎలా తుడవాలో చేసి చూపించాను. ఆయన అటూ ఇటూ చూశాడు. తర్వాత నా పక్కన కూర్చుని, లుంగీ మోకాలి దాకా పైకి లాక్కున్నాడు.