పరమేశ్ ఆయిల్ దించే పద్ధతి

శామీర్‌పేటలో కరీంనగర్ రోడ్డు పక్కన పరమేశ్ షెడ్డు ఉంది. పైన రేకులు. లోపల కారంత పొడవు గుంత. ముప్పై ఒక్క ఏళ్లుగా అతను ఆ గుంతలోకి దిగి, కారు కింద నిలబడి, బోల్టు విప్పి, పాత ఇంజన్ ఆయిల్ దించుతున్నాడు.

గుంత అతనే తవ్వాడు. నేల కూడా అతనే పోసుకున్నాడు. రోడ్డు వైపుకు కొంచెం వాలు పెట్టాడు. రోడ్డు మీది నుంచి కారు ముక్కు ముందుగా లోపలికి వచ్చి నిలబడితే వెనక భాగం పల్లంలో ఉంటుంది. ఇంజన్ కింద ఆయిల్ నిలిచే చాంబర్‌కు, చాలా కార్లలో, బోల్టు వెనక అంచునే. వాలుకు ఆయిలంతా అటు చేరి, దిగిపోతుంది. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. వచ్చేవాళ్లకు తెలిసింది ఒక్కటే. పరమేశ్ దగ్గర పాతది మిగలదు.

ఈ ఎండాకాలం మోకాలు మొండికేసింది. ఒక మధ్యాహ్నం గుంతలోకి దిగినవాడు పైకి రాలేకపోయాడు. అతని భార్య రాధమ్మ ప్రభుత్వ బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది. పని ముగించుకుని ఆమె వచ్చేసరికి అతను గుంతలో బోర్లించిన డబ్బా మీద కూర్చుని ఉన్నాడు.

"ఎంతసేపాయె?"

"గంటన్నర."

"ఎవ్వర్నన్న పిలువకపోతివా?"

"పిలిస్తే సూస్తరు గద."

ఆమె దిగి, అతని చెయ్యి తన భుజం మీద వేసుకుని, ఒక్కో మెట్టు ఎక్కించింది.

ఇక గుంతలోకి దిగొద్దన్నాడు డాక్టరు. గుంత లేకపోతే షెడ్డు లేదు. షెడ్డు లేకపోతే తాను పొద్దున లేచి ఎక్కడికి పోవాలో పరమేశ్‌కు తెలియదు. పండుగనాడు కూడా పది దాకా ఇంట్లో కూర్చోలేని మనిషి.

రాధమ్మ అల్వాల్ వెళ్లి నాలుగు షెడ్లు తిరిగి చూసింది. వచ్చేటప్పుడు బస్సులో ఒక పంపు ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. బకెట్టంత డబ్బా, చేతిపిడి, సన్నటి గొట్టం. ఆయిల్ మట్టం చూసే పుల్ల తీసి, ఆ దారిలో గొట్టం అడుగు దాకా దించి పిడి కొడితే పాత ఆయిల్ పైకి వస్తుంది. మనిషి నిలబడే పని చేసుకోవచ్చు.

పరమేశ్ గొట్టాన్ని వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"గిది మీదిమీద గుంజుతది. అడుగుది ఆడ్నే ఉంటది."

"పెట్టి సూడకుండనే చెప్తున్నవా?"

"పెడ్త. గుంజినంక కింద బోల్టు ఇప్పి సూస్త. చాయ్ గిలాసల సగం కంటె ఎక్కువొస్తే షెడ్డు బంద్. ఒకరి ఇంజన్ల మురికి ఉంచి పంపుడు నాతోని కాదు."

"మంచిది. గని బోల్టు ఇప్పేది నేను."

ఆదివారం పొద్దున మొదటి కారు సుధాకర్‌ది. క్యాబ్ నడుపుతాడు, పాత గిరాకీ. గొట్టం చూసి నవ్వాడు.

"ఏంది కాకా, నా బండికి సెలైన్ ఎక్కిస్తున్నవా?"

"ఎక్కిస్తలేను. రక్తం తీస్తున్న. నోరు మూసుకోని నిలబడు."

ఇంజన్‌ను కాసేపు నడిపి ఆపారు, ఆయిల్ పలచబడాలని. పరమేశ్ పిడి కొట్టాడు. గొట్టంలో నల్లటి గీత ఒకటి పైకి పాకింది. కొంతసేపటికి గొట్టం గాలి పీల్చి గురగురమంది.

రాధమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని గుంతలోకి దిగింది. "మొహం పక్కకు పెట్టు, మీద పడ్తది," అన్నాడు పరమేశ్ పైనుంచి. ఆమె బోల్టు విప్పింది. ఒక గిలాస నిండింది. రెండోది కూడా నిండింది.

సుధాకర్ చాయ్ తాగడానికి రోడ్డు దాటాడు.

"అయిపాయె," అన్నాడు పరమేశ్. పెద్దగా కూడా అనలేదు.

రాధమ్మ పైకి రాలేదు. తలెత్తి కారు అడుగునే చూస్తూ ఉంది.

"ఏమయ్యా, బండి ఎనకకు ఒరిగుందేంది?"

"వాలు పెట్టిన, నేల పోసినప్పుడు."

"గొట్టం దిగింది ఏ దిక్కు?"

"ముందటి దిక్కు."

"ముందట ఎత్తుంటే ఆయిల్ ఆడెందుకుంటది? పప్పుచారు అడుగుకు వచ్చినంక గంజు గరిటె దిక్కు ఒంపుతనా, అవతలి దిక్కు ఒంపుతనా?"

పరమేశ్ నేల వైపు చూశాడు. ముప్పై ఒక్క ఏళ్లు ఆ వాలు మీదే నడిచాడు. అది వాలన్న ధ్యాసే ఎప్పుడో పోయింది.

సుధాకర్ కారుకు కొత్త ఆయిల్ పోసి పంపాక శృతి వచ్చింది. కాలేజీలో పాఠాలు చెబుతుంది, చిన్న కారు. పరమేశ్ చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, వెనక జాకీ వేసి, కారు ముక్కు కిందికి వచ్చేదాకా లేపాడు. గొట్టం దించాడు. ఈసారి పిడి చాలాసేపు కొట్టాల్సి వచ్చింది. గొట్టం గురగురమన్నాక జాకీ దించి, మిగిలింది ఏదైనా ఉంటే బోల్టు వైపుకు చేరాలని పది నిమిషాలు ఆగాడు. తరవాత రాధమ్మ దిగింది. అతను గుంత అంచున స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"ఇప్పినవా?"

"ఇప్పిన."

"వస్తాందా?"

"చుక్కలు."

"ఎన్ని?"

"ఆగు, లెక్క తప్పుతది." అతను స్టూలు అంచుకు జరిగాడు. "పదకొండు. ఆగింది."

"గిలాస పైకియ్యి."

గిలాస అడుగు కూడా సరిగ్గా మునగలేదు. అతను దాన్ని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు. వెనక నిలబడ్డ శృతి, "ఏమన్నా పాడైందా అంకుల్?" అంది.

"లేదు బిడ్డా," అన్నాడు. గుంతలోకి వంగాడు. "బోల్టు బిగించు."

"ఎంత?"

అది అతన్ని ఎవరూ అడగలేదు ఇన్నేళ్లలో. తన మణికట్టును గాలిలో తిప్పి చూసుకున్నాడు.

"నీ చేతికి సాలు అనిపించినంక, ఇంకో జర్ర."

పానా ఒకసారి కిర్రుమంది.

"గంతే," అన్నాడు.

సోమవారం ఎప్పటిలాగే ఎనిమిదింటికి షెడ్డు తెరిచాడు. గుంత మీద పలకలు పరిచాడు. రాధమ్మ బడికి పోతూ వచ్చి, ఆ చివర నుంచి ఈ చివర దాకా వాటి మీద నడిచి, ఒక పలక ఊగితే కింద చెక్కముక్క పెట్టమని చెప్పి, వెళ్లిపోయింది.