గట్టు పిల్లకు అన్నం పెట్టిన అత్త

మా మేనత్త పోయిందన్న కబురు గాంధీపురం బస్టాండులో ఉండగా వచ్చింది. ఆమెను చూడటానికే కారమడై బస్సు కోసం నిలబడ్డాను. చేతిలో ఆమె తెమ్మన్న నేంద్రం అరటి చిప్సు పొట్లం ఉంది. ఫోను పెట్టేసి ఆ బస్సే ఎక్కాను. దారి పొడుగునా పొట్లం ఒళ్ళోనే ఉంది.

ఆమె మాట దురుసు. పెళ్ళిలోనైనా సరే, సాంబారులో ఉప్పు తగ్గితే వండినవాళ్ళ మొహం మీదే చెప్పేది. కానీ ఇంటికి ఎవరొచ్చినా కాళ్ళు కడుక్కునేలోపే ఆకు పరిచేది. వద్దంటే వినేది కాదు. "అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడగలేనిదానికి ఎవురు పెట్టాల?" అనేది.

ఆ అడగలేనిది గట్టు పిల్ల. వందల ఏళ్ళ కిందట మావాళ్ళు సైన్యాలకు జడిసి ఇటు దక్షిణానికి, తమిళదేశానికి పారిపోయి వచ్చారట. దారిలో ఏరు పొంగింది. పుట్టిలో చోటు చాలలేదు. జ్వరంతో ఉన్న ఒక పిల్లను గట్టున కూర్చోబెట్టి, ఇప్పుడే వస్తామని చెప్పి ఏరు దాటారు. మళ్ళీ పోలేదు. అందుకే మా ఇళ్ళలో పెళ్ళికైనా చావుకైనా పెరటి గుమ్మం దగ్గర ఆమెకొక ఆకు వేస్తారు. మొహం పక్కకు తిప్పుకునే వడ్డించాలి. మా ఇంట్లో ఆ పని ఎప్పుడూ అత్తదే. చూస్తే గట్టు పిల్ల పట్టుకుంటుందని చిన్నప్పుడు మేము వణికిపోయేవాళ్ళం.

ఆ కథను వీధిన పెట్టింది నేనే. పోదనూరులో మూతపడిన మిల్లు గోడౌనులో కొందరు సంగీతగాళ్ళు, బొమ్మలు వేసేవాళ్ళు కలిసి ఏటా భయం పండుగ అని చేస్తారు. పాతకాలపు కథ ఒకటి తీసుకుని దాని చుట్టూ పాటలు, బొమ్మలు, నాటకం అల్లుతారు. వాళ్ళకు పోస్టర్లు గీసేదాన్ని నేను. నిరుడు కథ దొరకలేదంటే గట్టు పిల్లను ఇచ్చేశాను. అత్తను ఒక్క మాట అడగలేదు. పోస్టరులో ఆ పిల్లకు జుట్టు విరబోసి, నోటికి నెత్తురు పూసిందీ నేనే. బుద్ధి గడ్డి తింది, ఇంకేం చెప్పను.

ఎవరో చెప్పారట, పండుగ సాయంత్రం అత్త వచ్చి ముందు వరసలో కూర్చుంది. గిటార్లు, డోళ్ళు కలిసి మోగుతున్నాయి. వేదిక మీద ఖాళీ ఆకు వేశారు. గట్టు పిల్ల వేషం కట్టిన కాలేజీ అమ్మాయి పాక్కుంటూ వచ్చి కేక పెట్టింది. జనమూ కేకలు వేశారు. అత్త లేచింది. అందరి ముందూ నన్ను దులిపేస్తుందనుకున్నాను. ఆమె మెల్లగా మెట్లెక్కి, డోళ్ళవాళ్ళతో తమిళంలో "పోదుం పా" అంది, ఇక చాలని. మోత ఆగిపోయింది. అప్పుడు ఆకు ముందు చతికిలబడి సంచిలోంచి టిఫిను డబ్బా తీసింది. ఆకు వేస్తారు గానీ అన్నం పెట్టరని ముందే విని, పెరుగన్నం కట్టుకొచ్చిందట. ఆ అమ్మాయి మొహంలోకి చూస్తూ వడ్డించింది.

"తిను పాపా. శానా దినాలుగా కాచుకోనుండావు."

ఆ అమ్మాయి బిక్కమొహం వేసి ఒక ముద్ద తింది. రెండో ముద్దకు వెక్కివెక్కి ఏడ్చింది. గోడౌనులో ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

నెల రోజులు అత్తకు మొహం చూపలేకపోయాను. చివరికి కారమడై వెళ్ళి, తప్పయిపోయిందని చెప్పాను. ఆమె మునగాకు దూస్తూ, తల ఎత్తకుండానే మాట్లాడింది.

"భయానికి కాదు అమ్మణీ మొహం తిప్పుకొనేది. సిగ్గుకి. విడిచిపెట్టి వచ్చినోళ్ళం కదా." ఇంకో రెమ్మ అందుకుని, "ఇన్నేండ్లు పెడితిని. ఆ దినమే దాని మొహం చూస్తిని. నీ వల్లనే" అంది.

అది తిట్టో, క్షమించడమో అడగలేదు. తర్వాత అడుగుదాం, ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. ఆ పూట నాకు ఆకు వేసి, మునగాకు వేపుడు రెండుసార్లు వడ్డించింది.

పెద్దకర్మ నాడు పెరటి గుమ్మం దగ్గర ఆకు వేశారు. వడ్డించడానికి ఎవరూ ముందుకు రాలేదు. నేను గరిటె అందుకున్నాను. అన్నం పెట్టబోతుంటే మెడ దానంతటదే పక్కకు తిరిగింది. మళ్ళీ ఇటు తిప్పుకున్నాను. అన్నం, పప్పు, పెరుగు వడ్డించాక, అత్త కోసం కొన్న పొట్లం విప్పి ఆ చిప్సు కూడా ఆకు కొసన పెట్టాను. ఇద్దరూ తింటారు. గాలికి ఆకు అంచు లేస్తుంటే అరచేత్తో అదిమి పట్టుకుని, ఎదురుగా చూస్తూ కూర్చున్నాను.